ఆముదపు గింజయు, పేటెంటు కాగితమును



“ఏ చెట్టును లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షము” అని మన పెద్దలు సామెత చెప్పియున్నారు. ఈ సామెతయందు ఆముదపు చెట్టునకు గౌరవము లేదు. వేరొక చెట్టు లేనందున దానికి పెద్దరికము దక్కినదని మాత్రమే దాని భావము. నీటి వసతి లేని మన చల్క నేలలయందు రైతు చాలకాలము ఈ సామెత చొప్పుననే ఆముదమును విత్తెను. మరియొక పంట రాని చోట దానిని వేసెను. మరియొక పంటకు వీలు కలిగిననాడు దానిని విడిచెను. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల ప్రాంతములయందు ఒకప్పుడు ఆముదము పండిన చేలలో పెక్కింట నేడు ప్రత్తి నిండియున్నది.

రానున్న వానకాలమునకు సంఘము తెప్పింపవలసిన విత్తనముల పట్టికను గూర్చి ఇప్పుడు మాటలు సాగుచున్నవి. ఆముదపు విత్తనమును ఆ పట్టికనుండి తీసివేయవలెనని సభ్యులలో పలువురి అభిప్రాయము. అడుగువారు తక్కువ, ధరకు నిలకడ లేదు, బూజు తెగులు గెలలను తినివేయుచున్నది అని వారు చెప్పు మూడు కారణములును నిజమే. అయినను ఒక పంటను చేజార విడుచుటకు ముందు, ఆ పంట ఎవరికి, దేనికి కావలసి వచ్చుచున్నదో తెలిసికొనుట మన విధి. అట్లు తెలిసికొనుటకు ఒక త్రోవ గలదు. అది మన రైతులెవ్వరును నడువని త్రోవ. పేటెంటు కాగితములను చదువుటయే ఆ త్రోవ. దానిని గూర్చి నా అభిప్రాయమును ఈ పత్రికా ముఖమున మీ యెదుట ఉంచుచున్నాను.

ముందుగా నా తప్పు నేనే చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట యాచారం వైపు ఒక గ్రామమున పంటల ప్రదర్శన జరిపితిమి. దీపములు పోయి విద్యుత్తు వచ్చిన తరువాత ఆముదమును అడుగువాడెవ్వడని, దానికి ఇక భవిష్యత్తు లేదని నేను అచ్చటి రైతులతో నిబ్బరముగా చెప్పితిని. ఆ మాటకు ఆ యేటి అంగడి ధర తప్ప నాయొద్ద వేరొక ఆధారము లేదు. సభ ముగిసిన పిదప చెట్టు క్రింద ఒక యువకుడు తన ట్రాక్టరు చక్రమునకు గ్రీజు పెట్టుచుండెను. ప్రక్కన కూర్చున్న వృద్ధుడు నన్ను చూచి, “సారూ, మా నాయిన బండి ఇరుసుకు ఆముదం పోసేటోడు. గిది దేంతోని చేస్తరు?” అని అడిగెను. భూమిలోనుండి తీయు ఖనిజ తైలముతో చేయుదురని నేను జవాబిచ్చితిని. ఆ జవాబు సగమే నిజమని నాకు తరువాత తెలిసినది.

గ్రీజునందు ఎక్కువ పాలు ఖనిజ తైలమే. కాని ఆ తైలము జారిపోకుండ పట్టియుంచునది ఒక విధమైన సబ్బు. ట్రాక్టర్లకును, మోటార్లకును విరివిగా వాడు లిథియము గ్రీజునందలి సబ్బు సాధారణముగా ఆముదమునుండి వచ్చినదే. ఆముదపు నూనెకు హైడ్రోజను వాయువును పట్టించి మైనమువలె గట్టిపరచుదురు. దానినుండి 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లమను పదార్థమును తీసి, లిథియముతో కలిపి ఆ సబ్బును చేయుదురు. లిథియము గ్రీజులకు 1940 దశకముననే అమెరికాయందు పేటెంట్లు ఇయ్యబడినవి. లోకమున తయారగు గ్రీజులో సగమునకు మించినది నేడు ఈ జాతిదే. అనగా ఆ వృద్ధుని తండ్రి బండి ఇరుసునకు పోసిన ఆముదమే వేషము మార్చుకొని మనుమని ట్రాక్టరు చక్రమున చేరియున్నది. ఆముదముతో పని తీరినదని రైతులకు బోధించిన నాకు ఆ సంగతి తెలియదు. అది రహస్యమును కాదు. ఎవరైనను చదువదగిన కాగితములయందు అచ్చుపడి దశాబ్దములు గడచినది.

ఆ దినమునుండి నేను పేటెంటు కాగితములను వెదకి చదువ మొదలిడితిని. పేటెంటు అనగా ఏమి? క్రొత్త వస్తువునో, క్రొత్త పద్ధతినో కనిపెట్టిన వానికిని ప్రభుత్వమునకును నడుమ జరుగు ఒక బేరము. కనిపెట్టినవాడు తన పద్ధతిని, సరకుల కొలతలతోను, చేయు విధముతోను, దాపరికము లేక వ్రాసి ఇయ్యవలెను. అందులకు బదులుగా, దరఖాస్తు పెట్టిన దినము మొదలు 20 సంవత్సరముల వరకు, అతని అనుమతి లేక ఇతరులు దానిని వాడరాదని ప్రభుత్వము హక్కు ఇచ్చును. ఆ హక్కు ఇచ్చిన దేశముననే చెల్లును. వేరొక దేశమున చెల్లవలెనన్న అచ్చటను దరఖాస్తు పెట్టుకొనవలెను. సాధారణముగా దరఖాస్తు పడిన 18 నెలలకు దానిని లోకమునకు వెల్లడింతురు. మన దేశమున పేటెంటు కార్యాలయపు పత్రిక ప్రతి శుక్రవారము వెలువడును. కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నై నగరములయందు ఆ కార్యాలయములు గలవు. మన ప్రాంతము చెన్నై కార్యాలయము క్రిందిది. ఆ పత్రికకు వెల లేదు. చరవాణిలో సయితము చూడవచ్చును. ప్రపంచ మేధో సంపత్తి సంస్థవారి పేటెంట్‌స్కోపు, ఐరోపా పేటెంటు కార్యాలయమువారి ఎస్పాసెనెట్ అను భాండారములయందు అనేక దేశముల పేటెంట్లను ఉచితముగా వెదకవచ్చును.

పేటెంటు అను మాట వినగానే మన విత్తనమును ఎవరో లాగుకొందురను భయము పలువురికి గలదు. మన పేటెంటు చట్టము 1970 సంవత్సరపుది. దాని 3వ సెక్షను ప్రకారము మొక్కలకును, విత్తనములకును, వ్యవసాయ పద్ధతులకును మన దేశమున పేటెంటు ఇయ్యరాదు. విత్తనము దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతునకు గల హక్కును 2001 సంవత్సరపు మొక్కల రకముల రక్షణ, రైతు హక్కుల చట్టము కాపాడుచున్నది. కావున ఇచ్చట నేను ముచ్చటించునది విత్తనముపై హక్కును గూర్చి కాదు. మన పంటనుండి ఇతరులు ఏమేమి చేయదలచుచున్నారో ఆ కాగితములు ముందుగా తెలుపును; ఆ తెలివిని గూర్చియే నా మాట.

ఇట్టి కాగితములను చదువుటవలన ప్రయోజనము గలదా యని అడుగువారికి పసుపు, వేప కథలు జ్ఞాపకము చేయుదును. గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతికి 1995లో అమెరికాయందు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమునకు పేటెంటు దక్కెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలివారు ఆ కాగితమును చదివి, ఇది మా దేశమున అనాదిగా తెలిసిన సంగతియని గ్రంథముల ఆధారములు చూపిరి. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతికి 1994లో ఐరోపాయందు ఇచ్చిన పేటెంటు కూడ 2000లో రద్దయి, 2005లో ఆ తీర్పు స్థిరపడెను. ఈ రెండు చోట్లను చదివినవారే అడ్డుకొనగలిగిరి. మన పెరటి చెట్టుపై సీమవారి కన్ను పడినదని మొదట తెలిపినవి ఆ కాగితములే.

ఇక ఆముదమునకు వత్తము. దీని నూనెయందు సుమారు 85 మొదలు 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము గలదు. అట్టి నూనెను ఇంత విరివిగా ఇచ్చు పంట వేరొకటి లేదు. ఆ ఆమ్లపు అణువునందు ఒక ప్రక్క కొక్కెమువంటి భాగము గలదు. రసాయన శాస్త్రజ్ఞులు ఆ కొక్కెమునకు తమకు కావలసిన దానిని తగిలింతురు, లేక ఆ తావున అణువును రెండుగా విరుతురు. అందువలననే తినుటకు పనికిరాని ఈ నూనెకు ఇన్ని పనులు కలిగినవి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున విమానపు యంత్రములకు ఆముదమే కందెన. అది పెట్రోలులో కలిసిపోదు. 1909లో ఇంగ్లాండున వేక్‌ఫీల్డు అను వ్యాపారి తన యంత్రపు నూనెకు పెట్టిన కాస్ట్రాల్ అను పేరు ఆముదమునకు గల ఇంగ్లీషు పేరునుండి పుట్టినదే.

అటు తరువాత 1940 దశకమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఆముదమునుండి తీసిన పదార్థమును మిక్కిలి వేడిచేసి రెండుగా విరిచిరి. ఒక ముక్క పరిమళ ద్రవ్యములకు పనికివచ్చెను. రెండవ ముక్కనుండి 11వ సంఖ్య నైలాను పుట్టెను. దానికి రిల్సాను అని పేరు పెట్టిరి. ఫ్రాన్సునందలి సెర్కిన్యీ ఊరి ప్రక్కన పారు ఏటి పేరునుండి ఆ పేరు వచ్చినది. మోటారు బండ్లయందు బ్రేకునకును, ఇంధనమునకును పోవు గొట్టములను ఈ నైలానుతో చేయుదురు. పొడి రూపమున దానిని పొరలు పొరలుగా కరగించి వస్తువులను అచ్చువేయు క్రొత్త యంత్రములయందును వాడుదురు. ఆముదమును క్షారముతో కాచి తీయు సెబాసిక్ ఆమ్లము వేరొక జాతి నైలానులకును, మెత్తని ప్లాస్టిక్కులకును మూలపదార్థము. రైతునకు మరింత దగ్గర సంగతి ఒకటి గలదు. ఎరువు గుళికలు నేలయందు ఒక్కసారిగా కరగిపోకుండ వానిపై పలుచని పొర పూయుదురు. అట్టి పొరను ఆముదపు నూనెతో చేయు పద్ధతులకు అమెరికా కంపెనీలు పేటెంట్లు పొందియున్నవి. అనగా మన చేలో పండినది మరల మన చేలోనికే ఎరువుపై తొడుగై వచ్చుటకు త్రోవ ఏర్పడినది.

ఇవియన్నియు మొదట కాగితములపై కనబడి, పిదప కొన్ని సంవత్సరములకు కార్ఖానాలైనవి. కాగితమునకును కార్ఖానాకును నడుమ గల ఆ కాలమే మన లాభము. అంగడి ధర నిన్నటి సంగతి చెప్పును; పేటెంటు కాగితము రేపటి ఉద్దేశమును చెప్పును. ఉద్దేశముతోపాటు ఉద్దేశించినవాని పేరు కూడ చెప్పును. ఇది ముఖ్యము. రిల్సాను హక్కులు నేడు ఆర్కెమా అను ఫ్రెంచి కంపెనీవి. ఆ కంపెనీ 2022లో సింగపూరునందు ఇదే నైలానుకై క్రొత్త కార్ఖానా నడుపనారంభించెను. 2016లోనే ఆర్కెమా, జర్మనీ దేశపు బి.ఎ.ఎస్.ఎఫ్., మన దేశపు జయంత్ ఆగ్రో, సాలిడారిడాడ్ అను సంస్థ కలిసి, గుజరాతునందలి ఆముదపు రైతులకు మేలైన సాగును నేర్పుటకు ప్రగతి అను పథకమును మొదలిడిరి. పేటెంటు కాగితముపై పేరు గలవారే చేనిగట్టుపైకి వచ్చుట దీనివలన మీకు స్పష్టమగును. గుజరాతు రైతు ఇంటికి వారు నడచి వచ్చిరి. మన మండలమున అట్టి రాక నేను చూడలేదు. మనవైపు వచ్చువాడు సాధారణముగా దళారి. అతడు గింజను కొనునే గాని అది ఎచ్చటికి పోవుచున్నదో చెప్పడు.

గుజరాతునకే ఏల వచ్చిరి? లోకమునకు కావలసిన ఆముదములో అత్యధిక భాగము భారతదేశముననే పండుచున్నది. అందులో మరల అత్యధిక భాగము గుజరాతుది. 1968లో జి.సి.హెచ్. 3 అను సంకర ఆముదమును వెలువరించినది గుజరాతే. అచ్చట నీటి పారుదల క్రింద, మంచి విత్తనముతో ఆముదమును పంటగా గౌరవించి సాగుచేసిరి. మనము ఏ చెట్టును లేని చోటి చెట్టుగా చూచితిమి. నిజాము కాలమున ఆముదమునకు పేరొందిన హైదరాబాదు సంస్థానపు నేలలు మనవి. ఆ పేరు ఇప్పుడు మనకు లేదు.

అయితే సోదరులారా, పేటెంటు కాగితము చూచిన మరునాడే ఆముదము విత్తుడని నేను చెప్పను. అట్లు చేసినచో “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అన్న చందమగును. ఈ కాగితములను చదువువాడు మోసపోవుటకు నాలుగు త్రోవలు గలవు. నేను నాలుగింటను నడచి వచ్చితిని గనుక చెప్పుచున్నాను.

మొదటిది, పేరు కనబడుటను చూచి మురియుట. న్యాయవాదులు హక్కును వెడల్పు చేయుటకై ఆముదము, సోయా, పొద్దుతిరుగుడు, కొబ్బరి అని పది నూనెల పేర్లను ఒకే వరుసన వ్రాయుదురు. అందు ఆముదము ఉన్నంత మాత్రమున అది కావలసినదని కాదు. కాగితము చివరనుండు హక్కుల భాగమున ఆముదము ప్రత్యేకముగా ఉన్నదా, వారు చేసి చూపిన ఉదాహరణములయందు నిజముగా ఆముదమునే వాడిరా యని చూడవలెను. నేను మొదట పోగుచేసిన కాగితములలో చాలభాగము ఈ పరీక్షయందు రాలిపోయినవి.

రెండవది, లెక్కయందలి మోసము. ఒకే కల్పనకు అమెరికా, జపాను, చీనా, భారతదేశములయందు వేరువేరుగా దరఖాస్తులు పడును. అవి నాలుగు కావు, ఒకే కుటుంబము. వానిని ఒక్కటిగా లెక్కింపవలెను. ఒకే కంపెనీ పది కాగితములు వేయుటకంటె, ఒకరినొకరు ఎరుగని ఐదు కంపెనీలు ఒకే పనికై ఆముదమును ఎన్నుకొనుట బలమైన గుర్తు. ఆ కల్పనను పెక్కు దేశములయందు నమోదుచేయుటకు ఖర్చు పెట్టిరా యని కూడ చూడవలెను. డబ్బు పెట్టినవాని నమ్మకమును మనము కొంత నమ్మవచ్చును.

మూడవది, బ్రదికియున్న దానికిని, చచ్చిన దానికిని భేదము తెలియకపోవుట. పేటెంటును నిలుపుకొనుటకు ఏటేట రుసుము కట్టవలెను. కట్టనిచో అది పడిపోవును. మన దేశమున పేటెంటు పొందినవారు దానిని పనిలో పెట్టిరో లేదో తెలుపుచు 27వ సంఖ్య ఫారము దాఖలు చేయవలెను. 2024 సవరణ తరువాత ఇది 3 ఆర్థిక సంవత్సరములకు ఒకసారి. రుసుము సంవత్సరముల తరబడి కట్టుచు, పనిలో పెట్టితిమని వ్రాసినచో అచ్చట నిజమైన సరకు ఉండవచ్చును. పడిపోయిన పేటెంటునకు వేరొక ప్రయోజనము గలదు. గడువు తీరినదియు, మన దేశమున తీసికొననిదియు ఎవరైనను ఇచ్చట ఉచితముగా వాడుకొనవచ్చును. మన జిల్లాయందు చిన్న కార్ఖానా పెట్టదలచిన యువకునకు అది పెన్నిధి.

నాలుగవది, మనకు అనుకూలమైనవానిని మాత్రమే చదువుట. ఆముదము లేకుండ అదే పని చేయుటకు యత్నించువారును పేటెంట్లు తీసికొనుచున్నారు. 12వ సంఖ్య నైలాను ఖనిజ తైలమునుండి పుట్టి, 11వ సంఖ్య నైలానుతో పోటీపడుచున్నది. 1995లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆముదపు గింజలో రిసినోలిక్ ఆమ్లమును చేయు జన్యువును గుర్తించిరి. దానిని వేరొక నూనెపంటలో ప్రవేశపెట్టు యత్నములు అప్పటినుండి సాగినవి. ఆముదపు గింజయందు రైసిను అను విషము గలదు. అందువలన ఆ పిండి ఎరువునకే గాని పశువులకు పెట్టరాదు. ఆ విషము లేని మొక్కనుండి అదే నూనె తీయగల్గినచో మనకు గట్టి పోటీ. ఇంతవరకు ఆముదపు సింహాసనము కదలలేదు. అయినను ఆ వైపు కాగితములు పెరుగుచున్నవా, తరుగుచున్నవా యని చూడకుండ మన ఆశను పెంచుకొనుట గాలిలో దీపము పెట్టుటవంటిది.

ఈ నాలుగు జాగ్రత్తలతో చదివినను ఆ కాగితములు చెప్పలేని సంగతి ఒకటి గలదు. ఏ పేటెంటును గెలపై బూజును ఆపదు. గెలలు వేయు కాలమున ఎడతెగని ముసురు పట్టినచో బూజు తెగులు రెండు మూడు దినములలో పంటను తుడిచిపెట్టును. దాసరి పురుగు ఆకును తినును. కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధర ప్రకటించు పంటలలో ఆముదము లేదు. ధర పడిపోయిననాడు రైతును ఆదుకొనువారు లేరు. ఈ కష్టములు తెలిసియే నేను చెప్పుచున్నాను. మద్దతు ధర గల పంటకు సర్కారు కొంత అండ. ఆ అండ లేని పంటకు కొనువాని మనసు తెలియుటయే అండ. కావుననే వరికంటె ఆముదమునకు ఈ చదువు ఎక్కువ అవసరము.

ఇది కంపెనీలవారి చదువు, రైతునకేల అని ఒక మిత్రుడు నన్ను ఆక్షేపించెను. నేను మిషను పాఠశాలలో చదువుకొన్నవాడను. మా ఉపాధ్యాయుడు సాయంకాలము వేళ మమ్ములను వాడలోనికి పంపి, చదువు రాని ఇండ్లవారికి వచ్చిన ఉత్తరములను చదివి పెట్టించెడివాడు. ఉత్తరము వారిది, చదువు మాత్రము మాది. ఒకనాడు ఒక ఇల్లాలు తన పెనిమిటి వ్రాసిన ఉత్తరమును నెలదినములు కొంగున కట్టుకొని తిరిగినదని తెలిసెను. చదివించుకొనుటకు ఆమె సిగ్గుపడెను. డబ్బు పంపుచున్నాను, తపాలా కార్యాలయమున తీసికొనుమని అందు వ్రాసియుండెను. పేటెంటు కాగితములు ఆముదపు రైతునకు లోకమునుండి వచ్చిన అట్టి ఉత్తరములే. వానిపై మన పేరు లేదు గాని మన పంట పేరు గలదు. మనము కొంగున కట్టుకొని తిరుగుచున్నాము.

చదివి పెట్టువారు మనకు కరవు కాదు. ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు పెక్కు గలవు. వానిలో మన సభ్యుల బిడ్డలు చదువుచున్నారు. పేటెంట్లను విషయము చొప్పున గుర్తుసంఖ్యలు వేసి వేరుపరచియున్నారు. నైలాను జాతికి సి 08 జి 69, కందెనలకు సి 10 ఎం, నూనెలనుండి తీయు ఆమ్లములకు సి 11 సి, మిశ్రమ ఎరువులకు సి 05 జి. ఈ గుర్తులతోపాటు ఆముదమునకును, రిసినోలిక్ ఆమ్లమునకును గల ఇంగ్లీషు పేర్లను వేసి వెదకినచో ఒక సాయంకాలమున ఒక విద్యార్థి ఒక సంవత్సరపు కాగితములను జల్లెడ పట్టగలడు. సందేహము కలిగినచో అడుగుటకు పెద్దలును సమీపముననే గలరు. రాజేంద్రనగరున భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థయు, వ్యవసాయ విశ్వవిద్యాలయమును గలవు. తార్నాకయందు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ గలదు. క్రాంతి, హరిత వంటి ఆముదపు రకములను, పి.సి.హెచ్. 111 వంటి సంకరములను ఇచ్చిన పాలెం పరిశోధనా స్థానము పొరుగు జిల్లాయందే యున్నది.

కావున సంఘ పాలకవర్గమునకును, సభ్యులకును నా సూచనలు మూడు. ఆముదపు విత్తనమును ఈ యేడు పట్టికనుండి తీసివేయక, అడిగినవారికి సరిపడు కొద్దిపాటి విత్తనమునైనను ఉంచుడు. నీరు నిలువని చల్క నేలయందు, ఒక్కొక్కరు కొద్ది గుంటలలో, పాలెం రకములను పెట్టి చూడవచ్చును. ప్రత్తి చేనంతయు మార్చవలసిన పని లేదు. రెండవ సూచన, సంవత్సరమునకు రెండు మారులు, విత్తుటకు ముందు ఒకసారి, గెలలు కోసిన పిదప ఒకసారి, ఆముదపు పేటెంట్ల సారమును ఒక పుటలో ఈ పత్రికయందే అచ్చువేయుడు. ఏ పనికి, ఎవరు, ఏ దేశమున, నిజముగా ఆముదముతోనేనా, రుసుము కట్టుచున్నారా, ఆముదమునకు ప్రతిగా ఏమి వచ్చుచున్నది అను ఆరు ప్రశ్నలకు జవాబు ఉన్న చాలును. మూడవ సూచన, ఆ పుటలో మరల మరల కనబడు కంపెనీల పేర్లకు సంఘము తరఫున ఉత్తరము వ్రాయుడు. రాళ్లు, మట్టి లేక, తేమ ఆర్చి, రకము కలియకుండ, ఇన్ని క్వింటాళ్లు ఒక్కచోట ఇయ్యగలమని చెప్పుడు. ఒంటరి రైతు బస్తా గింజతో దళారి ముందు నిలుచును. సంఘము లెక్కతోను, పేరుతోను, కొనువాని అవసరము తెలిసి నిలుచును. సహకారమునకు అర్థమే అది.

మూడు సంవత్సరములు ఇట్లు చదివిన తరువాత, ఆముదమునకు బదులు వేరొకటి వచ్చుచున్నదని ఆ కాగితములే చెప్పినచో, పట్టికనుండి దానిని తీసివేయుడు. అప్పుడు నేనే ముందు చేయి ఎత్తెదను. తెలిసి విడుచుటలో నష్టము లేదు. తెలియక విడిచిన దానికే నేను ఆ గ్రామపు వృద్ధునకు నేటికిని జవాబు బాకీపడియున్నాను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చకు పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, ఇబ్రహీంపట్నం